గోదావరి లోయ మీదుగా ఒక నిమిషం: విద్యార్థులతో అంతరిక్ష కెమెరా వాడిన నా అనుభవం

సిరొంచలో పుట్టిన పిల్లలకు నదుల గురించి కొత్తగా చెప్పడానికి ఏమీ ఉండదని చాలామంది అనుకుంటారు. ఊరి పక్కనే ప్రాణహిత. అవతలి ఒడ్డున కాళేశ్వరం, అక్కడే ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. ఇంకా దిగువకు వెళ్తే సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి చేరుతుంది. ఏ రేవులో ఎంత లోతో, వరద రాబోయే ముందు నీళ్ల రంగు ఎలా మారుతుందో ఇక్కడి పిల్లలకు తెలుసు. కాని ఈ నదులన్నీ ఇక్కడికే వచ్చి ఎందుకు కలుస్తున్నాయి, కలిశాక ఆగ్నేయ దిక్కుకే ఎందుకు సాగుతున్నాయి అని అడిగితే తరగతి మొత్తం మౌనంగా ఉండిపోయేది. ఒడ్డున నిలబడి చూస్తే ఆ ప్రశ్నే పుట్టదు. దానికి దూరం కావాలి.

నేను ఇక్కడి ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. గడ్చిరోలి జిల్లాకు ఇది దక్షిణపు కొస. చాలా ఇళ్లలో తెలుగు, కొన్ని ఇళ్లలో మాడియా, బడిలో మరాఠీ. చుట్టరికాలు మాత్రం చెన్నూరు, మంచిర్యాల, మహదేవపూర్ వైపు. సింగరేణి గనుల్లో పనిచేసే మేనమామో చిన్నాన్నో లేని తెలుగు ఇల్లు ఇక్కడ తక్కువే. ఈ విషయం ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని కెమెరాతో బడి పిల్లలు భూమిని ఫోటో తీయించుకునే ఏర్పాటు ఒకటి ఉందని తెలిసినప్పుడు వెంటనే పేరు నమోదు చేసుకున్నాను. దాని పేరు శాలీ రైడ్ ఎర్త్‌క్యామ్. 1983లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి అమెరికా మహిళ, భౌతిక శాస్త్రవేత్త అయిన శాలీ రైడ్ ఆలోచన ఇది. 1996లో కిడ్‌శాట్ అనే పేరుతో అట్లాంటిస్ వ్యోమనౌకలో మొదలైంది. 2001 నుంచి అంతరిక్ష కేంద్రానికి మారింది. 2012లో ఆమె మరణించాక ఆమె పేరు కలిపారు. నిర్వహణ అమెరికాలోని హంట్స్‌విల్ నగరం నుంచి సాగింది. ఏడాదిలో కొన్ని విడతలు ఉండేవి, ఒక్కో విడత కొద్ది రోజులే. రుసుము ఉండేది కాదు. ఉపాధ్యాయుడు వివరాలు ఇచ్చి నమోదు చేసుకుంటే పిల్లల బృందాలకు కోడ్‌లు ఇచ్చేవారు. విడత మొదలయ్యాక ఆ కోడ్‌తో లోపలికి వెళ్లి ఎక్కడ ఫోటో కావాలో అడగాల్సి ఉండేది. మనం చెప్పిన క్షణానికి కెమెరా ఫోటో తీసేది, అది తర్వాత వెబ్‌సైట్‌లో కనిపించేది.

చదవడానికి ఇంత తేలిక. మొదటి రోజు పిల్లలు చేసిన పని కూడా తేలికైనదే: పటంలో సిరొంచను వెతికి దాని మీద నొక్కారు. ఏమీ కాలేదు. అసలు పాఠం అక్కడే మొదలైంది.

ఆ కెమెరా తల తిప్పి చూసేది కాదు. కిటికీకి బిగించి ఉండేది, తన కింద ఏ నేల ఉంటే దాన్నే చూసేది. అంతరిక్ష కేంద్రం ఏ దారిన పోతుందో పటం మీద గీతలుగా చూపించేవారు, ఆ గీతల మీదే చోటు ఎంచుకోవాల్సి వచ్చేది. ఆ గీతలో కూడా ఎండ పడే భాగమే పనికొచ్చేది. అంటే మనకు కావలసిన చోటు అడగడం కాదు, అది మన మీదుగా ఎప్పుడు పోతుందో తెలుసుకుని ఆ వేళను అడగడం. ఈ తేడా తలకెక్కడానికి రెండు తరగతులు పట్టినా ఆ సమయం వృథా అని నేను అనుకోను. అక్షాంశాలు, రేఖాంశాలు పరీక్ష కోసం చదివే పిల్లలకు అవి మొదటిసారి నిజమైన పనికి అవసరపడ్డాయి.

గ్లోబు తెచ్చి దాని చుట్టూ దారం చుట్టాం. అంతరిక్ష కేంద్రం దారి భూమధ్యరేఖకు 51.6 డిగ్రీల వాలులో ఉంటుంది కాబట్టి దారాన్ని కోణమానినితో అంతే వాలుగా పెట్టాం. ఒక పిల్లవాడు దారాన్ని కదలకుండా పట్టుకున్నాడు, ఇంకొక అమ్మాయి దాని కింద గ్లోబును పడమటి నుంచి తూర్పుకు తిప్పింది. ఒక చుట్టుకు సుమారు 92 నిమిషాలు. ఆ సమయంలో భూమి దాదాపు 23 డిగ్రీలు తిరుగుతుంది. అందుకే ఒక చుట్టులో సిరొంచ మీదుగా పోయిన దారం మరుసటి చుట్టులో ఒమాన్ తీరం మీద పడింది. "సార్, అంటే అది మనల్ని దాటిపోలేదు, మనమే దాని కింద నుంచి జరిగిపోయాం" అని ఆ గ్లోబు తిప్పిన అమ్మాయి అంది. భూభ్రమణం గురించి నేను ఏటా చెప్పే పాఠం కంటే ఆ ఒక్క మాట నాకు ఎక్కువ తృప్తినిచ్చింది.

వేళ కూడా నిలకడగా ఉండదు. రోజురోజుకు ఇరవై నిమిషాలకు పైగా ముందుకు జరుగుతూ వస్తుంది. వారం మొదట్లో మధ్యాహ్నం పూట దాటిన దారి, వారం చివరికి పొద్దున పూటకు వచ్చింది. వెబ్‌సైట్‌లో సమయం గ్రీనిచ్ లెక్కలో ఉండేది, దానికి అయిదున్నర గంటలు కలుపుకోవాల్సి వచ్చేది. నల్లబల్ల మీద ఒక మూల రోజూ ఈ లెక్క రాయడం పిల్లలు వంతుల వారీగా చేశారు. చేస్తుండగా ఒక సంగతి వాళ్లే పట్టుకున్నారు: ఆ వారంలో పగటిపూట మా ప్రాంతం మీదుగా పోయే దారులన్నీ వాయవ్యం నుంచి ఆగ్నేయానికే వెళ్తున్నాయి. ఎదురు వాలులో, నైరుతి నుంచి ఈశాన్యానికి వచ్చేవి చీకటి వేళల్లో పడ్డాయి. ఒక దారి నాందేడ్ మీదుగా హైదరాబాద్ వైపు, ఒకటి బస్తర్ మీదుగా విశాఖపట్నం వైపు. మా దగ్గరగా వెళ్లేది మాత్రం చంద్రపూర్ వైపు నుంచి వచ్చి, మా పక్కగా, భద్రాచలం మీదుగా రాజమహేంద్రవరం వైపు పోతోంది.

గోడ మీద ఉన్న గోదావరి పటం పక్కన పెట్టి చూశాం. నది దారీ, అంతరిక్ష కేంద్రం దారీ దాదాపు ఒకే వాలులో ఉన్నాయి.

ఇది యాదృచ్ఛికమే. కాని మాకు దొరికిన గొప్ప అవకాశం కూడా అదే. నేల మీద ఆ కేంద్రం నీడ సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా సాగుతుంది. సిరొంచ నుంచి కాళేశ్వరం ఒక సెకను దూరం కూడా కాదు. చంద్రపూర్ నుంచి సిరొంచకు ఇరవై సెకన్లు, సిరొంచ నుంచి రాజమహేంద్రవరానికి నలభై సెకన్లు. చంద్రపూర్ బొగ్గు గనుల దగ్గర మొదలుపెడితే డెల్టా మొదలయ్యే చోటికి ఒక్క నిమిషం. ఇక్కడి నుంచి చంద్రపూర్ ఆసుపత్రికి వెళ్లి రావాలంటే ఎంత తెల్లవారుజామున బస్సెక్కాలో తెలిసిన పిల్లలు ఆ లెక్కను నమ్మలేక మళ్లీ మళ్లీ చేశారు.

ఏది అడగాలన్న దాని మీద గట్టి వాదనే జరిగింది. అందరికీ మా ఊరే కావాలి. ఒక బృందం మాత్రం చంద్రపూర్ నుంచి కింది దాకా వరుసగా అడుగుదామని పట్టుబట్టింది. ఒక్క ఫోటోలో ఎంత నేల పడుతుందో లెక్కేస్తే వాదన తేలింది. ఎత్తు సుమారు 400 కిలోమీటర్లు. లెన్సు 50 మిల్లీమీటర్లు, లోపలి సెన్సర్ పొట్టి భుజం 24 మిల్లీమీటర్లు అనుకుంటే, సరూప త్రిభుజాల లెక్కన ఫోటో పొట్టి భుజంలోకి 192 కిలోమీటర్ల నేల వస్తుంది. ఊరొక్కటే తీయడం ఈ కెమెరా పని కాదు. సిరొంచ పడే ప్రతి ఫోటోలో ప్రాణహిత సగం, గోదావరి పొడుగాటి ముక్క, బస్తర్ అడవి అంచు పడతాయి. గణితం మాస్టారు ఆ లెక్కను తన తరగతిలో కూడా చేయించారు. వరుసగా అడగడమే ఖాయమైంది: చంద్రపూర్, సిరొంచ, భద్రాచలం, డెల్టా. నాందేడ్ దారి మీద కూడా ఒకటి అడిగాం.

ఆ వారం మా ఊళ్లో నెట్ సరిగ్గా లేదు. బడి కంప్యూటర్‌కు నా ఫోను నుంచి నెట్ ఇచ్చి, వరండాలో మూల నిలబడితే సిగ్నల్ అందేది. గీత మీద చోటు ఎంచుకున్నాక అక్కడి వాతావరణం చూసుకోవాలి. మేఘం ఉంటే ఫోటోలో మేఘమే వస్తుంది. శీతకాలం చివర కాబట్టి మా వైపు ఆకాశం తేటగానే ఉంది, కింద తీరం వైపు మాత్రం మబ్బు చూపించింది. అయినా అడిగాం. అడగడానికి గడువు దారి దాటే వేళకు చాలా ముందే ముగిసేది, కాబట్టి అప్పటి ఆకాశాన్ని ముందుగా ఊహించే పంపాల్సి వచ్చేది.

ఫోటోలు రావడానికి సమయం పట్టింది. డెల్టా ఫోటో తెల్లని మబ్బు తప్ప ఇంకేమీ కాదు. భద్రాచలం అడిగినది రానే లేదు. అలా కొన్ని రావు. చంద్రపూర్ ఫోటో, సిరొంచ ఫోటో మాత్రం చక్కగా వచ్చాయి. నాందేడ్ వైపుదీ వచ్చింది.

అసలు కష్టం ఇక్కడి నుంచి. పటంలో ఉత్తరం పైన ఉంటుంది. ఈ ఫోటోల్లో ఉండదు, కేంద్రం సాగే దిక్కును బట్టి ఫోటో వాలి ఉంటుంది. ఊరి పేర్లు ఉండవు, సరిహద్దు గీతలు ఉండవు. గోధుమ రంగు, ముదురు ఆకుపచ్చ, నల్లని మచ్చలు, మెరిసే తీగలాంటి నీళ్లు. ఫోటోను పెద్ద కాగితం మీద ముద్రించి బల్ల మీద పరిచాం. పిల్లలు దాని చుట్టూ తిరిగారు, కాగితాన్ని తిప్పారు. ఒక కుర్రవాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వాళ్ల నాన్న ఒకప్పుడు నాటు పడవ నడిపేవారు. వంతెన వచ్చాక ఆ పని ఆగిపోయింది. ఆ కుర్రవాడు నీటి తీగ మీద వేలు పెట్టి మెల్లగా జరుపుతూ, రెండు తీగలు కలిసే చోట ఆపి, "ఇది మన రేవు, ఇది ఇసుక మేట, ఇటు కాళేశ్వరం" అన్నాడు. అక్షాంశ రేఖాంశాలతో సరిచూస్తే అదే.

తర్వాత వంతెన కోసం వెతికారు. కనబడలేదు. ఫోటోలో ఒక్కో చుక్క నేల మీద పదుల మీటర్లకు సమానం, వంతెన వెడల్పు అందులో చాలా చిన్న భాగం. కెమెరాకు ఏది కనబడుతుంది, ఏది కనబడదు అన్నది ఆ రోజే చెప్పుకున్నాం. పొడవున్నంత మాత్రాన కనబడదు, చుట్టూ ఉన్న దానితో రంగు తేడా, తగినంత వెడల్పు ఉండాలి. నీళ్లకు ఆ రెండూ ఉన్నాయి.

ఇప్పుడు సింగరేణి సంగతికి వస్తాను. చంద్రపూర్ ఫోటోలో నల్లటి మచ్చలు గుంపుగా ఉన్నాయి. అవి ఉపరితల గనులు. పక్కన ఇరయి జలాశయం, దాని పైన తాడోబా అడవి. సిరొంచ ఫోటోలో పడమటి అంచున మంచిర్యాల, రామగుండం వైపు మళ్లీ అలాంటి మచ్చలే. రెండు ఫోటోలూ కలిపి అతికించి, గనులున్న చోట్లకు ఎర్ర పెన్సిల్‌తో చుట్టలు గీయమన్నాను. గోడ పటం చూసి కొత్తగూడెం, మణుగూరు కూడా గుర్తు పెట్టారు. ఎర్ర చుట్టలన్నీ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఒక పట్టీలా వచ్చాయి. ఆ పట్టీ వెంటే నది. కోట అనే ఊరు మాకు దగ్గర్లోనే ఉంది, అక్కడి రాళ్ల పేరుతోనే జురాసిక్ కాలపు పొరలకు కోట పొరలు అని పేరు. ఈ ప్రాంతంలో దొరికిన భారీ రాక్షసబల్లి బరపాసారస్ ఎముకల గూడు కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థలో నిలబెట్టి ఉంది. కోటనూ పటం మీద గుర్తు పెట్టాం. అదీ పట్టీలోనే పడింది.

అప్పుడు చెప్పాను. కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడ భూమి పైపొర సాగి, రెండు పక్కలా పగుళ్లు పడి, మధ్య భాగం కిందికి దిగింది. దిగిన కొద్దీ నదులు ఇసుక, ఒండ్రు తెచ్చి నింపాయి. ఆనాటి అడవులు ఆ పొరల కింద పూడిపోయి బొగ్గయ్యాయి, బొగ్గు వయసు 25 కోట్ల సంవత్సరాలకు పైమాటే. బొగ్గు పొరల మీద మరెన్నో పొరలు పేరుకున్నాయి, ఆ పై పొరల్లోనే రాక్షసబల్లుల ఎముకలు దొరికాయి. ప్రాణహిత, గోదావరి ఇప్పటికీ ఆ దిగుడు నేల వెంటే పారుతున్నాయి. చుట్టూ ఉన్న పాత గట్టి రాతి కంటే ఈ పొరలు మెత్తన కాబట్టి నీటికి దారి ఇక్కడే దొరికింది. మేనమామ తవ్వే బొగ్గు, కోట పొరల్లో దొరికిన ఎముకలు, తాము ఈదే నది ఒకే లోయలోవి అని వాళ్లకు ఆ కాగితం మీద కనబడింది. ఇది నేను ముందు సంవత్సరాల్లో మాటలతో చెప్పానేమో కూడా. పిల్లలు తమ చేత్తో చుట్టలు గీశాక అడిగిన ప్రశ్నలు వేరు. "పట్టీకి రెండు వైపులా పగులు అంచు ఎక్కడ ఉంది సార్? వెళ్లి చూడొచ్చా?" అని అడిగారు.

నాందేడ్ ఫోటో గురించి ఎక్కువ చెప్పను. దక్కను లావా నల్లరేగడి నేల ముదురు రంగులో, దక్షిణాన గ్రానైటు నేల లేత రంగులో వచ్చాయి. పోచంపాడు జలాశయాన్ని పిల్లలు వెంటనే గుర్తుపట్టారు.

ఈ అనుభవం తర్వాత నాకు గట్టిగా అనిపించిన విషయం ఒకటి ఉంది. ఫోన్లో ఎప్పుడంటే అప్పుడు కనిపించే ఉపగ్రహ పటం పిల్లలకు ఇంత నేర్పదు. అందులో ఉత్తరం ముందే పైన ఉంటుంది, పేర్లు ముందే రాసి ఉంటాయి, మేఘాలు ముందే తీసేసి ఉంటాయి. వేళను లెక్కగట్టి అడగడం, మబ్బు వస్తుందేమోనని బెంగపడడం, వచ్చిన ఫోటోలో తన ఊరు తానే వెతుక్కోవడం, ఈ మూడింటిలోనే చదువు ఉంది. అందుకే విడత అయిపోయాక వేరే చిత్రాలకు వెళ్లినప్పుడు కూడా పేర్లు లేనివే ఇచ్చాను.

అలాంటి చిత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. లాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి భూమిని తీస్తున్నాయి, 2008 నుంచి ఆ నిల్వ అంతా అందరికీ తెరిచి ఉంది. యూరప్ వారి సెంటినెల్-2 చిత్రాల్లో 10 మీటర్ల వస్తువు కూడా తెలుస్తుంది, అందులో మా వంతెన సన్నని గీతగా దొరికింది. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం వారి భువన్ అనే ఉపగ్రహ పటాల వెబ్‌సైట్ కూడా ఉంది. పాత లాండ్‌శాట్ చిత్రాల్లో వేసవి గోదావరి అంటే విశాలమైన ఇసుక, దానిలో నాలుగైదు నీటి పాయలు. 2019లో మేడిగడ్డ బ్యారేజీ మొదలయ్యాక తీసిన వాటిలో ఒడ్డు నుంచి ఒడ్డుకు నీళ్లు. 2023 అక్టోబరులో కొన్ని స్తంభాలు కుంగి నీళ్లు వదిలేశాక మళ్లీ ఇసుక. ఈ మార్పు పిల్లల బతుకులోనే జరిగింది, అయినా ఏ ఏడాది ఏది అని వరుసలో పెట్టుకోవడం వాళ్లకు చిత్రాలతోనే సాధ్యమైంది.

వానాకాలం చిత్రాలకు మబ్బు అడ్డం. అందుకు రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 వాడాం. అది తన తరంగాలను పంపి తిరిగి వచ్చిన వాటితో చిత్రం గీస్తుంది, కాబట్టి మబ్బు, చీకటి లెక్కలేదు. కదలని నీరు నున్నగా ఉండి తరంగాలను పక్కకు మళ్లిస్తుంది, అందుకే నల్లగా కనిపిస్తుంది. 2022 జూలైలో, భద్రాచలం దగ్గర మట్టం 71 అడుగులు దాటిన ఆ వరదలో, మా వైపు ఏమైందో ఆ నలుపులో చూశాం. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె ఆ చిత్రాన్ని ఇంటికి తీసుకెళ్లి వాళ్ల తాతకు చూపించింది. ఆయన ఒక చోట వేలు పెట్టి, "ఇక్కడ తెల్లగా ఉందేమిటమ్మా, ఆ రోజు ఇక్కడ నా ఛాతీ దాకా నీళ్లు" అన్నారట. ఆయన చెప్పిందే నిజం. అక్కడ చెట్లు దట్టంగా ఉన్నాయి, ఈ రాడార్ తరంగాలు ఆకుల మీదే ఆగిపోయాయి, కింది నీరు వాటికి అందలేదు.

అప్పటి నుంచి పిల్లలు ఆ చిత్రం పట్టుకుని ఇంటింటికీ వెళ్తున్నారు. గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో టేపుతో కొలుస్తున్నారు, మరక లేని చోట పెద్దవాళ్లను అడుగుతున్నారు, చిత్రంలో పొడిగా కనిపించి నిజానికి మునిగిన చోట్లను నీలి పెన్సిల్‌తో నింపుతున్నారు. రేవు వైపు వీధులు పూర్తయ్యాయి. వాగు అవతలి మిరప చేలు, చెట్ల కింద ఉన్న నాలుగైదు ఇళ్లు మిగిలాయి. మిరప కోతలు అయిపోతే అక్కడి వాళ్లు ఇంటి దగ్గర దొరుకుతారు, అప్పుడు వెళ్తాం.